అరెజ్జో సంతలో కొన్న మయోలికా (ఇటలీ వాళ్ల తెల్లపూత మీద బొమ్మలేసిన మట్టిపాత్ర) వేజ్, 1500ల నాటిదన్నాడు, నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

నీలిమ:

అందరికీ నమస్కారం అండి. మేం ఫ్లోరెన్స్‌కి వచ్చి మూడేళ్లయింది. పోయిన నెల అరెజ్జో వెళ్లాం, అక్కడ ప్రతి నెలా మొదటి ఆదివారం, దాని ముందు శనివారం పాత సామాన్ల సంత పెడతారు కదా, ఆ ఏటవాలు వీధుల్లో తిరుగుతుంటే ఒక బల్ల మీద ఈ వేజ్ కనపడింది, ఇంక కాలు ముందుకి పడలేదు. టేపు పెట్టి కొలిస్తే ఎత్తు 42 సెంటీమీటర్లు. పొట్ట గుండ్రంగా, మెడ సన్నగా ఉంది, రెండు పక్కలా పిడులు పాముల్లా మెలికలు తిరిగి వాటి తలలు మూతి అంచుని పట్టుకున్నట్టు చేశారు. తెల్లటి పూత మీద నడుం దాకా మనిషి, కింద ఆకుల తీగ అయిపోయిన బొమ్మలు, రెక్కల సింహాలు, చిన్న చిన్న దీపస్తంభాలు. మధ్యలో కోడిగుడ్డు ఆకారం గీతలో ఎద్దు మీద కూర్చుని వెనక్కి తిరిగి చూస్తున్న అమ్మాయి, వెనక వైపు కొండలూ కోటా నీళ్లూ. ఇంటికి తెచ్చిన రోజు నుంచి రోజూ పొద్దున్నే దాని దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడుతున్నా, నిజంగా.

అమ్మినాయన 1500ల నాటిది, ఉర్బినో అనే ఊళ్లో చేసింది అని గట్టిగా చెప్పాడు, 350 యూరోలు తీసుకున్నాడు. మా ఆయనేమో ఇది టూరిస్టులకి అమ్మే కొత్త సామాను, మోసపోయావు అంటున్నారు. రెండ్రోజుల నుంచి ఇదే గొడవ. ఒక పిడి ఎప్పుడో విరిగితే అతికించినట్టున్నారు, అక్కడ పసుపు గీత కనపడుతోంది. అడుగున నీలం రంగుతో ఏదో చిన్న గుర్తు ఉంది గానీ మట్టి పట్టేసి అర్థం కావట్లేదు. ఇది పాతదా కొత్తదా ఎలా తెలుస్తుంది, కడగొచ్చా, నీళ్లు పోసి పూలు పెట్టొచ్చా, ఇంకోటి, వచ్చే ఏడాది ఇటలీ వదిలి వెళ్లిపోతాం, కూడా తీసుకెళ్లొచ్చా? ఫోటోలు పెట్టాను చూడండి.

కుమ్మరిసారె:

నీలిమ గారూ, ఫోటోలన్నీ రెండు మూడుసార్లు పెద్దవి చేసి చూశాను. అసలు సంగతి ముందే చెప్పేస్తా, అమ్మినాయన మాట తప్పు, మీ వారి మాట కూడా తప్పు. ఇది 1500ల నాటిది కాదు, కొత్తదీ కాదు. నాకు అనిపిస్తున్నది 1800ల చివర్లో, ఆ పాత పద్ధతిని మళ్లీ బతికించిన రోజుల్లో చేసింది. ఎందుకంటే ఉర్బినోలో అప్పట్లో చేసిన ఈ సైజు పాము పిడుల వేజ్ అయితే సంతలో బల్ల మీదకి రాదు, మ్యూజియంకో పెద్ద వేలానికో పోతుంది.

ఆ బొమ్మల కథ కొంచెం చెప్తా, తెలిస్తే వేజ్‌ని చూసే చూపే మారిపోతుంది. 1480 ప్రాంతంలో రోమ్‌లో మట్టి కింద పూడిపోయిన నీరో చక్రవర్తి భవనం, దోముస్ ఔరెయా, బయటపడింది. చిత్రకారులు తాళ్లు కట్టుకుని లోపలికి దిగి దివిటీ వెలుగులో పైకప్పు మీద ఉన్న ఈ సగం మనిషి సగం తీగ బొమ్మలు చూసొచ్చారు. గుహలా ఉండేది కాబట్టి, ఇటాలియన్‌లో గుహని గ్రొత్తా అంటారు కాబట్టి, ఆ బొమ్మలకి గ్రొతెస్కె అని పేరొచ్చింది. చిత్రకారుడు రఫాయెల్ తన శిష్యులతో వాటికన్‌లో లొజ్జా అనే వరండా నిండా అవే వేయించాడు, అది 1519కి పూర్తయింది. తర్వాత కొన్ని దశాబ్దాలకి ఉర్బినోలో ఫొంతానా వాళ్ల పనిశాలలో అవే బొమ్మలు తెల్లటి మట్టిపాత్రల మీదకి దిగాయి, ఇటలీలో వాటిని ఇప్పటికీ రఫాయెల్లెస్కె అనే అంటారు. మధ్యలో కథ చెప్పే బొమ్మ ఉంటే దాన్ని ఇస్తొరియాతో అంటారు. మీ ఎద్దు మీద అమ్మాయి యూరోపా, ఎద్దు రూపంలో వచ్చి ఎత్తుకుపోతున్నది రోమన్ దేవుడు జూపిటర్, ఈ కథంటే అప్పటి కుమ్మరులకి చాలా ఇష్టం.

ఇప్పుడు నాకు కావాల్సింది ఒక్కటి. ఆ అమ్మాయి మీద ఎగురుతున్న గుడ్డ ఫోటోలో గులాబీ రంగులా కనపడుతోంది, పగటి వెలుగులో కిటికీ దగ్గర పెట్టి చూసి అది నిజంగా గులాబీయా, లేక నారింజ రంగు పల్చబడిందా చెప్పండి. ఎందుకు అడుగుతున్నానో తర్వాత చెప్తా. అలాగే అడుగు అంచు, గుర్తు దగ్గర ఇంకో ఫోటో. తడిగుడ్డతో మెల్లగా తుడవండి చాలు, నీళ్లలో పెట్టొద్దు.

పాతబీరువా:

మయోలికా అంటే ఆకుపచ్చ ఆకుల ప్లేట్లు, కాలీఫ్లవర్ ఆకారం టీపాట్లు కదా, ఇదేంటి వేరేగా ఉంది?

కుమ్మరిసారె:

మీరు చెప్పేది ఇంగ్లండ్‌ది అండి. మింటన్ కంపెనీ 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో రంగురంగుల సీసం గ్లేజు (గాజులా మెరిసే పూత) సామాను పెట్టింది, తర్వాత దానికీ మజోలికా అనే పేరే స్థిరపడింది, అందుకే ఈ తికమక. ఇటలీది సీసంతో పాటు తగరం కలిసిన తెల్లటి గ్లేజు, ఆ తెలుపు మీద చిత్రం. ఈ విద్య 9వ శతాబ్దంలో ఇరాక్‌లో మొదలై స్పెయిన్ మీదుగా ఇటలీ చేరింది, మయోర్కా ద్వీపం మీదుగా ఓడల్లో వచ్చే స్పెయిన్ పాత్రల వల్లే ఆ పేరొచ్చిందంటారు.

గాలిమర:

ఇందులో ఇంత చర్చ ఎందుకో. 1500ల నాటిదని చెప్పి 1800లది అమ్మితే అది నకిలీ. వెనక్కి ఇచ్చేసి డబ్బు తెచ్చుకోండి.

కుమ్మరిసారె:

అమ్మినాయన అబద్ధం చెప్పాడు, నిజమే, ఆ మాట ఆయన్ని మొహం మీదే అడగాలి. కానీ వేజ్‌ని నకిలీ అనడం నేను ఒప్పుకోను. 1800లలో ఇటలీలో ఏం జరిగిందో చూడండి. 1861లో దేశం ఒక్కటైంది, మా గొప్పతనం ఏంటి అని వెనక్కి తిరిగి చూసుకునే కాలం. ఇంకో పక్క లండన్, పారిస్ మ్యూజియంలూ కలెక్టర్లూ పాత మయోలికాని ఎగబడి కొంటున్నారు, సామాన్యుడికి అది దొరకదు. ఆ శతాబ్దంలోనే ఫ్లోరెన్స్ పక్కనే దొచ్చాలో 1735 నుంచి పింగాణీ చేస్తున్న జినోరి వాళ్లు మయోలికా మొదలుపెట్టారు. గుబ్బియోలో మాస్త్రో జోర్జో అనే కుమ్మరి 1500లలో వేసి, ఆయన తర్వాత ఎప్పుడో మర్చిపోయిన కెంపు రంగు మెరుపు పూత ఎలా వస్తుందో పరీక్షలు చేసి చేసి మళ్లీ సాధించారు. బొలోన్యాలో మింగెత్తి, గ్వాల్దో తదీనోలో పావొలో రుబ్బోలి, పెజారోలో మొలరోని, ఇలా ఊరూరా కుండలు కాల్చే ఆవాలు మళ్లీ రాజుకున్నాయి. పారిస్ 1867, 1878 ఎగ్జిబిషన్లలో ఇలాంటివి అందరి ముందూ పెట్టారు. దాచి అమ్మినవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ ఎక్కువమంది మా తాతల పని మేమూ చెయ్యగలం అని ధైర్యంగా తమ గుర్తు వేసి అమ్మారు. మోసం చెయ్యాలనుకున్నవాడు అడుగున తన గుర్తు వెయ్యడు కదా.

నేను ఫయెంజాలో రెండేళ్లు ఉండి ఈ పని నేర్చుకున్నా, అందుకే ఇంత పట్టుదల. ఈ చిత్రం ఎలా వేస్తారో చెప్తా. ముందు కుండ ఒకసారి కాలుస్తారు, తర్వాత గ్లేజు కలిపిన నీళ్లలో ముంచి తీస్తే కుండ నీళ్లు పీల్చేసుకుని పైన తెల్లటి పొడి పొరలా నిలుస్తుంది, ముగ్గుపిండి పూసినట్టు ఉంటుంది, వేలు తగిలితే రాలిపోతుంది. చిత్రం వెయ్యాల్సింది ఆ కాల్చని పొడి మీద. కుంచె ఆనిన క్షణంలో రంగుని అది లాగేసుకుంటుంది, ఇంక చెరపడానికి ఉండదు, దిద్దడానికి ఉండదు, గీత వణికితే వణికినట్టే ఆవంలోకి పోతుంది. మొదటి ఆర్నెల్లు నా చేతిలో ఒక్క మొహం నిలవలేదు, ముక్కు గీసేలోపు చెంప పాడయ్యేది. 1550లలో కాస్తెల్ దురాంతేకి చెందిన చిప్రియానో పిక్కొల్‌పాసో కుమ్మరి విద్య మీద రాతప్రతి రాశాడు, అందులో మేక వెంట్రుకలు, గాడిద జూలు, సన్న గీతలకి ఎలక మీసాలు కుంచెలకి వాడతారని ఉంది. నీలానికి కోబాల్ట్, ఆకుపచ్చకి రాగి, పసుపుకి అంటిమనీ, నారింజకి ఇనుము, ఊదాకి మాంగనీసు, వాళ్ల దగ్గర ఉన్న రంగులు దాదాపు ఇవే. ఎర్రటి ఎరుపు వాళ్లని చివరిదాకా ఏడిపించింది.

నీలిమ:

మీ అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. ఈరోజు పొద్దున్న కిటికీ దగ్గర పెట్టి చూశా. ఆ గుడ్డ గులాబీయే అండి, నారింజ కాదు, లేత గులాబీ పువ్వు రంగు. గుడ్డ మడతల్లో ముదురుగా, చివర్లలో దాదాపు తెలుపు.

తడిగుడ్డతో అడుగు తుడిస్తే గుర్తు తేలింది. నోరు తెరిచి కూస్తున్న కోడిపుంజు! నాలుగైదు కుంచె దెబ్బల్లో గీశారు, తోక రెండు వంపులు, కాళ్లు రెండు చిన్న గీతలు, కింద ఏదో అంకె. పక్కన ఏ అక్షరాలూ లేవు. అడుగు అంచున గ్లేజు లేదు, అక్కడ మట్టి లేత గోధుమ రంగులో ఉంది, అంచు చుట్టూ నల్లగా మాసి నున్నగా అరిగిపోయింది. కోడి కనపడగానే నేను అరిచిన అరుపుకి మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

ఆవంబూడిద:

కోడిపుంజు అనగానే నేను రాయకుండా ఉండలేకపోతున్నా, ఎప్పుడూ చదివి వెళ్లిపోయే మనిషిని. అది కాంతగల్లి వాళ్ల గుర్తు అండి, మీ ఊరిదే, ఫ్లోరెన్స్. కాంతా అంటే పాడటం, గల్లి అంటే కోడిపుంజులు, ఇంటిపేరునే బొమ్మ చేసి గుర్తుగా పెట్టుకున్నారు. ఉలిస్సె కాంతగల్లి 1878లో సోదరుడితో కలిసి ఇంటి కుమ్మరి పనిని చేతిలోకి తీసుకున్నాడు. పాత ఉర్బినో, గుబ్బియో పద్ధతులే కాదు, దెల్లా రోబ్బియా అనే పాత శిల్పుల కుటుంబం పద్ధతి, స్పెయిన్ మెరుపు పాత్రలు, టర్కీ ఇజ్నిక్ పువ్వులు, అన్నీ చేశారు. ఇంగ్లండ్‌లో మట్టిపాత్రల డిజైనర్ విలియం డి మోర్గాన్ ఆరోగ్యం బాలేక 1890లలో చలికాలాలు ఫ్లోరెన్స్‌లో గడిపేవాడు, తన డిజైన్లు ఈ కాంతగల్లి చిత్రకారుల చేతే వేయించేవాడు, చేతి మీద అంత నమ్మకం. ఉలిస్సె 1901లో పోయాడు, పనిశాల ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది.

అందుకే కోడి ఒక్కటి చూసి సంవత్సరం చెప్పలేం, తర్వాతి రోజుల్లో కూడా అదే కోడి వేశారు. కానీ మీరు చెప్పిన ఒక మాట పనికొస్తుంది, పక్కన అక్షరాలు లేవన్నారు. అమెరికాలో 1890లో చట్టం వచ్చి 1891 నుంచి అక్కడికి పోయే సామాను మీద దేశం పేరు ఉండాలన్నారు, అందుకే ఆ తర్వాతి చాలా వాటి మీద ఇటలీ అనో, మేడ్ ఇన్ ఇటలీ అనో కనపడుతుంది. లేనంత మాత్రాన 1891కి ముందుదే అనలేం, అన్నీ అమెరికా పోలేదు కదా. కానీ మేడ్ ఇన్ ఇటలీ అని ఉంటే నేను వెంటనే ఆశ తగ్గించుకునేవాణ్ణి. ఇంకోటి కూడా చూడండి, కొన్ని పాత్రల అడుగున గుర్తు ఉన్న చోట గరగరా గీకేసి ఉంటుంది, ఎవరో 1500ల నాటిదని అమ్మడానికి కోడిని చెరిపేసిన పని అది. మీది భద్రంగా ఉంది.

కుమ్మరిసారె:

కోడి దొరికింది, చాలా సంతోషం! ఇప్పుడు గులాబీ సంగతి. క్రోమియం అనే లోహాన్ని కనిపెట్టిందే 1797లో. దాంతో వచ్చే కొత్త ఆకుపచ్చలూ, తగరంతో కలిపితే వచ్చే గులాబీలూ ఆ తర్వాతే కుమ్మరుల చేతికొచ్చాయి. 1500ల ఉర్బినో మనిషి దగ్గర మీరు చెప్పిన లేత గులాబీ లేదు. అంటే గుర్తు లేకపోయినా ఆ ఒక్క గుడ్డ చాలు, ఇది 1500ల నాటిది కాదని చెప్పడానికి.

ఇంకా చూడాలంటే అమ్మాయి మొహం చూడండి. పాతవాటిలో మొహాలు మొరటుగా ఉంటాయి, కళ్ల చుట్టూ నీలం గీత, కండలు కొంచెం ఉబ్బి, కాగితం మీద అచ్చేసిన బొమ్మలు చూసి ఎత్తినవి కాబట్టి చెయ్యి ఒక చోట కాలు ఒక చోట పడ్డట్టు కూడా ఉంటుంది. మీ యూరోపాకి చిన్న నోరు, వాలు కనురెప్పలు, మెత్తటి చెంప, అది 1880ల డ్రాయింగ్ రూమ్ అమ్మాయి మొహం. చిత్రకారుడు పాత కథనే వేశాడు గానీ తన కాలం మొహం దాచలేకపోయాడు. నాకైతే అక్కడే ఆ మనిషి కనపడతాడు.

చింతాకు:

రిపేర్ గురించి నేను చెప్తా, ఎందుకంటే నా చేతులారా ఒకటి పాడుచేశా. నా దగ్గర ఒక మూత ఉన్న మందుల జాడీ ఉండేది, అల్బరెల్లో అంటారు, నడుం దగ్గర సన్నగా ఉండే పాత వైద్యశాల జాడీ, అదీ 1800లదే. మాసిపోయిందని ఒక రాత్రంతా టబ్బులో నీళ్లు, బట్టల బ్లీచ్ వేసి నానబెట్టా. పొద్దున్నకి అంచు ముక్క జిగురు వదిలి అడుగున పడి ఉంది, సరే అతికిద్దాం అనుకున్నా. ఆరాక రెండు వారాలకి గ్లేజు కింద నుంచి తెల్లటి ఉప్పు పొంగుతూ వచ్చింది, చిటికెన వేలి గోరంత రేకులు రేకులుగా గ్లేజు లేచి రాలింది, దాంతోపాటు నీలం పువ్వు రేకులు కూడా. లోపలి మట్టి స్పాంజిలా పీల్చుకుంటుంది, గ్లేజులో వెంట్రుకలంత పగుళ్లుంటాయి కదా వాటి గుండా లోపలికి పోయింది ఇంక బయటికి రాదు. ఇప్పటికీ ఆ జాడీ నా బల్ల మీదే ఉంది, చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది. దయచేసి నీళ్లలో నానబెట్టొద్దు, బ్లీచ్ జోలికి అసలు పోవద్దు.

పిడి దగ్గర పసుపు గీత పాత జిగురే, ఏళ్లు గడిస్తే అలా పసుపెక్కుతుంది. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడండి, తర్వాత వేసిన రంగూ జిగురూ గ్లేజు కంటే వేరేగా వెలుగుతాయి, ఎంత మేర అతికించారో, చుట్టూ ఎంత రంగు కప్పారో తెలుస్తుంది. వేజ్‌ని ఎప్పుడూ పిడి పట్టుకుని ఎత్తొద్దు, ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పొట్ట మీద. పూలు పెట్టాలంటే లోపల సన్నటి గాజు గ్లాసు దింపి అందులో నీళ్లు పొయ్యండి, ఒక్క చుక్క కూడా మట్టికి తగలకుండా. సీసం గ్లేజు కాబట్టి తినేవీ తాగేవీ ఇందులో పొయ్యొద్దు.

ఆవంబూడిద:

తీసుకెళ్లడం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. ఇటలీలో 70 ఏళ్లు దాటిన వస్తువు, చేసినవాళ్లు బతికి లేకపోతే, బయటికి తీసుకెళ్లడానికి రూల్ ఉంది, 2017లో మార్చారు, అంతకుముందు 50 ఏళ్లు ఉండేది. విలువ 13,500 యూరోలు దాటితే ఎగుమతి ఆఫీసు అనుమతి పత్రం కావాలి, దాటకపోతే మీరే డిక్లరేషన్ రాసి ఆ ఆఫీసుకి ఇవ్వాలి. మీది ఆ రెండో రకం. సంత రసీదు జాగ్రత్త చెయ్యండి, వెళ్లే నెలలో హడావుడి పడకుండా ముందే ఆ ఆఫీసులో అడిగి మొదలుపెట్టండి.

వెళ్లేలోపు ఒక పూట బర్జెల్లో మ్యూజియంకి వెళ్లండి, మీకు ఎంత దూరం చెప్పండి. అక్కడ మయోలికా గది ఉంది. ఉర్బినో డ్యూకుల వంశం 1631లో ఆగిపోయినప్పుడు వాళ్ల సొత్తు వారసురాలు విత్తోరియా ద్వారా ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదిచీ ఇంటికొచ్చింది, అలా వచ్చిన ఉర్బినో పాత్రలు అక్కడ చూడొచ్చు. మీ వేజ్ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని అక్కడి అద్దాల బీరువా ముందు నిలబడి పక్కపక్కన చూడండి.

గాలిమర:

నేను తొందరపడి నకిలీ అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కోడి ఫోటో చాలా బాగుంది.

నీలిమ:

నిన్న బర్జెల్లో వెళ్లొచ్చాం, ఇద్దరం. ఒక పెద్ద పాత్ర మీద తెల్లటి పూత, అవే రెక్కల బొమ్మలు. మా ఆయన అద్దానికి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి, ఇక్కడ తెలుపు కొంచెం మీగడ రంగులో ఉంది, మనది ఇంకా తెల్లగా ఉంది, ఇక్కడ సింహం కాలు వంకరగా ఉంది, మనవాడు చక్కగా వేశాడు అని వరసగా చెప్తూనే ఉన్నారు. గులాబీ కోసం గదంతా వెతికా, నేను చూసిన పాతవాటిలో ఎక్కడా కనపడలేదు, కుమ్మరిసారె గారూ.

అమ్మినాయనకి ఫోన్ చేశా. కోడి సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత కావాలంటే తెచ్చి ఇచ్చెయ్, డబ్బు ఇస్తాను అన్నాడు. వద్దన్నాను. రసీదు మీద మాత్రం 1500లు కొట్టేసి, కాంతగల్లి, ఫ్లోరెన్స్, 19వ శతాబ్దం చివర అని రాసి సంతకం పెట్టి ఇవ్వమన్నా, వచ్చే మొదటి ఆదివారం రమ్మన్నాడు. టార్చ్ కూడా ఆర్డర్ పెట్టా, చింతాకు గారూ, పిడి కింద భాగం చూసి ఇక్కడే ఫోటో పెడతా.